నీళ్ళు దిగేదాకా

ఏడుంపావు బోటు హారన్ కొట్టే వేళకి ఓమన పొయ్యి మీద బియ్యప్పిండి పుట్టు ఉడికే కుండని దించి అటక మీద పెట్టేసేది. హారన్ వినబడిందంటే వంటింట్లో నీళ్ళు లేస్తాయి. పొయ్యి తడిస్తే మళ్ళీ రాజెయ్యడానికి అరగంట పడుతుంది. అత్త కార్త్యాయనమ్మ కోరాముతో సహా బల్ల మీదికెక్కి, కొబ్బరి కోరడం అక్కడినుంచే సాగించేది. కూతురు మాళు పుస్తకాల సంచీ తీసి మేకుకి తగిలించేది. మొగుడు పుష్కరన్ చిన్న మోటారు తెచ్చి, ఒక గొట్టం నీళ్ళలోనూ ఇంకో గొట్టం కిటికీ బయటా పెట్టి స్విచ్ వేసేవాడు. పది నిమిషాల్లో నేల కనిపించేది. గుమ్మం దగ్గర మిగిలిపోయిన చేపపిల్లల్ని మాళు దోసిట్లో పట్టి కాలవలో వదిలొచ్చేది. ఆ తరవాత అందరూ కూర్చుని పుట్టు తినేవారు.

ఓమనకి భయం వేస్తే నీళ్ళు లేచేవి. దాన్ని గురించి నెల్లిత్తురుత్తు లంకలో ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. కుట్టనాడులో నీళ్ళు రానిదెవరింట్లోకి? అక్కడ సరస్సు పైన ఉంటుంది, పొలాలు కింద ఉంటాయి, మధ్యన మట్టికట్ట ఉంటుంది. ఒకళ్ళకి వానకి వస్తే, ఒకళ్ళకి కట్ట తెగి వస్తుంది, ఓమనకి భయానికి వస్తుంది. పక్కింటి అన్నమ్మకి మాత్రం అదొక సౌకర్యం. "ఓమనా, ఇవాళ మోకాళ్ళ దాకా వచ్చాయా? ఒక్క అయిదు నిమిషాలు ఆగమను మీ ఆయన్ని, నా బాతుల్ని తోలుకొస్తా" అని కేకేసేది.

పుష్కరన్ పనే నీళ్ళు తోడడం. పెద్ద చెక్కపెట్టెకి మోటారు బిగించి, పొలాల్లో నీళ్ళెత్తి కట్ట అవతల సరస్సులో పోసే 'పెట్టిపర' మీద అతనికి ఇరవయ్యేళ్ళ అనుభవం. మూడొందల ఎకరాల నీళ్ళు తోడి పొలం తేల్చినవాడికి వంటింట్లో నీళ్ళెంత? పెళ్ళాం భయపడుతుంటే చూడలేడు. అందుకని హారన్ కొట్టకముందే గొట్టాలు సర్దుకుని కూర్చునేవాడు.

ఓమన భయానికి కారణం అడిగితే చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉండేది, ఎందుకంటే ఏమీ జరగలేదు. రెండేళ్ళ కిందట సర్కారు బోటులో సరస్సు అవతలి వేలిక్కడవు వెళుతుంటే నడి సరస్సులో ఇంజను ఆగింది. నలభై నిమిషాలు ఆగింది. జనం వేరుశెనక్కాయలు తిన్నారు, ఎవరో చీట్లపేక తీశారు. ఓమనకి మాత్రం ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంది, వేళ్ళు మొద్దుబారాయి, ఇప్పుడే ఇక్కడే చచ్చిపోతానని తెలిసిపోయింది. చావలేదు. ఇంజను బాగయింది, బోటు రేవుకి చేరింది, అందరూ దిగి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆ మర్నాడు రేవు దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చేసింది. ఇంటికి రాగానే ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయే ఆమెని ముంచింది. వారం తిరిగేసరికి రేవు చూస్తే భయం, నెలకి రేవు దారి చూస్తే భయం, ఏడాదికి ఇంట్లో కూర్చుని హారన్ వింటే భయం. అవసరాలన్నీ ఇరుగుపొరుగు తెచ్చిపెట్టేవారు. బియ్యం ఒకళ్ళు, మందులు ఒకళ్ళు. మంచి మనసున్న ఊరు కావడం ఆమెకి శాపమైపోయింది.

గడిచిన కర్కాటక మాసపు వానల్లో అవతలి ఒడ్డున ఆమె తండ్రి పోయాడు. తమ్ముడు పడవ పంపించాడు. నలుగురు పట్టుకుని రేవు దాకా నడిపించారు. అక్కడ ఓమన చుట్టూ నీళ్ళు రొమ్ము దాకా లేచాయి. ఆరుబయట గోడలుండవుగా, అయినా ఆ నీళ్ళు పక్కకి పారేవి కావు, ఆమె చుట్టూ చేతులు చాచినంత మేర నిలబడేవి. తమ్ముడి పడవ గంటసేపు చూసి వెళ్ళిపోయింది. కన్నతండ్రి ఆఖరి చూపు దక్కలేదు ఓమనకి. ఆ రోజు పుష్కరన్ మోటారుని రేవు దాకా మోసుకొచ్చాడు.

అయినా అలాగే బతికేసేది. ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున చూసిన దాంతో ఇక అలా బతకలేననుకుంది.

మాళుకి నాలుగో తరగతి పరీక్షలైపోయాయి. తురుత్తులో బడి నాలుగు దాకానే. జూన్ ఒకటి నుంచి రోజూ బోటెక్కి వేలిక్కడవు బడికి వెళ్ళాలి. ఆ పొద్దున ఓమన వంటింటి నీళ్ళలోంచి నడుచుకుంటూ అరుగు మీదికొచ్చింది. మాళు ఒక్కతే గచ్చకాయలాడుకుంటోంది. ఇంకా దూరం నుంచి బోటు హారన్ వినబడుతోంది. పిల్ల పాదాల చుట్టూ, అన్నం పళ్ళెమంత మేర, నీళ్ళు.

తల్లిని చూడగానే మాళు చటుక్కున గోనెపట్టా లాగి ఆ నీళ్ళ మీద కప్పేసింది.

"ఏంటే అది?"

"ఏం లేదమ్మా. చెంబు ఒలికింది."

చుట్టుపక్కల చెంబు లేదు. ఓమన తన నీళ్ళకి ఎన్నడూ పడనంత భయం ఆ పళ్ళెమంత నీళ్ళకి పడింది. తొమ్మిదేళ్ళ పిల్ల అప్పుడే దాచడం నేర్చుకుంది.

గురువారం గురువారం ఆరోగ్య ఉపకేంద్రానికి షెరీఫా అని ఒకావిడ వచ్చేది, మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడ్డానికి. ముప్పయ్యేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చంకలో నోటు పుస్తకం. ఆ గురువారం ఓమన ఆవిడ ముందు కూర్చుని మొత్తం చెప్పింది. చెబుతుండగానే గదిలో చీలమండల దాకా వచ్చాయి. షెరీఫా కాళ్ళు కదపకుండా రాసుకుంది.

"నీళ్ళొస్తే మీరేం చేస్తారు చేచీ?" అంది, అక్కా అని పిలిచినట్టు.

"నేనేం చెయ్యను. ఆయన తోడేస్తారు."

"ఒక్కసారైనా వాటంతటవే దిగనిచ్చారా?"

గుమ్మంలో నిలబడ్డ పుష్కరన్‌కి నవ్వొచ్చింది. "నీళ్ళు వాటంతటవి దిగుతాయా అమ్మా? మీదే ఊరు?"

"మలప్పురం."

"అదీ సంగతి. కొండలవాళ్ళు. ఇక్కడ నీళ్ళని వదిలేస్తే ఇల్లు తీసుకుపోతాయి."

"పొలంలో నీళ్ళ సంగతి మీకు తెలుసు, నాకు తెలీదు. ఒప్పుకుంటాను" అంది షెరీఫా, అన్నగారితో మాట్లాడినట్టు. "ఈ నీళ్ళ సంగతి కొంచెం నాకు తెలుసు చేట్టా. మీరు తోడిన ప్రతిసారీ ఈవిడ ప్రాణం ఏమనుకుంటుందో చెప్పనా? తోడబట్టి బతికాను, లేకపోతే మునిగిపోయేదాన్ననుకుంటుంది. అందుకని మర్నాడు ఇంకో బెత్తెడు ఎక్కువ లేపుతుంది. మీరు ఇంకా పెద్ద మోటారు తెస్తారు."

నిజంగానే పుష్కరన్ పోయిన నెలే పెద్ద మోటారు కొన్నాడు.

షెరీఫా కాగితం మీద నిచ్చెన గీసింది. ఏడు మెట్లు. అన్నిటికన్నా కింద, ఫోనులో హారన్ వినడం. ఆ పైన రేవు దారి, రేవు, కట్టేసి ఉన్న పడవలో కూర్చోవడం, చిన్న కాలవ దాటడం, రేవులో ఆగిన బోటెక్కి దిగడం. అన్నిటికన్నా పైన సరస్సు. "ఏ మెట్టు మీదున్నా నీళ్ళు సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి. పారిపోకూడదు. తోడకూడదు. భయపడొద్దని ఎవరూ అనకూడదు, పడాల్సిందే. ఉన్న పద్ధతల్లా ఇంతే."

"నీళ్ళు తల మీదికొస్తే?" అంది ఓమన.

"రావని ప్రమాణం చెయ్యలేను. నేను చూసినవాళ్ళెవరికీ రాలేదు. అంతవరకే చెప్పగలను."

ఇంకెవరైనా అయితే 'ఛ, ఏం కాదు' అనేవారు. ఇన్నాళ్ళూ అందరూ అదే అన్నారు. ఆ మాట అననందుకే ఓమన ఆవిడ్ని నమ్మింది.

మర్నాడు వంటింట్లో మొదటి మెట్టు. మాళు ఫోనులో హారన్ పెట్టింది. గొంతులో గుండె కొట్టుకోవడం, వేళ్ళు మొద్దుబారడం, అంతా వరసగా వచ్చేసింది. నీళ్ళు చీలమండలు దాటాయి, మోకాళ్ళు దాటాయి. పుష్కరన్ చెయ్యి స్విచ్ మీద వణుకుతోంది. "అది ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది బల్ల మీద నుంచి కార్త్యాయనమ్మ. ఇన్నేళ్ళలో కోడలి తరఫున ఆమె మాట్లాడ్డం అదే మొదలు. మాళు మళ్ళీ హారన్ పెట్టింది. మళ్ళీ పెట్టింది. నీళ్ళు నడుముకొచ్చాయి. అల్యూమినియం గిన్నెలు లేచి తేలుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. పారిపోవాలని ఓమన ఒళ్ళంతా అరుస్తోంది. రెండు చేతులా పొయ్యి గట్టుని పట్టుకుంది. బొడ్డు మీదికొచ్చి నీళ్ళు ఆగాయి.

ఆగి, అలాగే ఉండిపోయాయి. ఆ ఉండడమే అన్నిటికన్నా ఘోరం. ముసలామె బల్ల మీదే ఒక కునుకు తీసింది. మాళు హారన్ పెట్టీ పెట్టీ విసుగొచ్చి చిటికెన వేలితో నొక్కుతోంది. ఎప్పుడు మొదలైందో తెలీదు, ఓమన చీర మీద తడి గీత ఒకటి కనిపించింది, నీళ్ళకి రెండు వేళ్ళ పైన. కాసేపటికి నాలుగు వేళ్ళ పైన. గంట తిరక్కుండా గచ్చు కనిపించింది.

పుష్కరన్ మోకాళ్ళ మీద వంగి గోడ మూలలన్నీ తడిమాడు. "ఎటు పోయాయే ఇవి? ఎక్కడో కన్నముండాలి!" అంటూ ఆ సాయంత్రం దాకా వెతికాడు. పాపం, ఇరవయ్యేళ్ళ విద్య.

ఏప్రిలంతా అదే పని. రేవు దారిలో నీళ్ళు రొమ్ము దాకా లేచి దిగాయి. రేవులో మెడ దాకా లేచి దిగాయి. తురుత్తు జనం పనులు చూసుకుంటూనే ఆమెని దాటుకుని పోయేవారు. "ఇవాళ ఎంత సేపు?" అని అన్నమ్మ అడిగేది. "ముప్పావు గంట" అనేది ఓమన పళ్ళు కొరుక్కుంటూ. ఇదేదో తేలికైపోయిందనుకునేరు, ఏ రోజుకారోజు చచ్చినంత పనయ్యేది. రాత్రి పడుకుంటే రేపు మళ్ళీ వెళ్ళాలని గుర్తొచ్చి మంచం కోళ్ళ దగ్గర నీళ్ళు చప్పుడు చేసేవి. వెళ్ళేది. కాకపోతే దిగడానికి పట్టే సేపు మాత్రం రోజురోజుకీ కొంచెం తగ్గుతూ వచ్చింది.

నాలుగో మెట్టు దగ్గర అంతా తిరగబడింది. కట్టేసిన పడవలో ఓమన ముందు కొస మీద, పుష్కరన్ వెనక కొస మీద కూర్చున్నారు. మొదటి రోజు నీళ్ళు నడుము దాకా వచ్చి అరగంటలోనే దిగాయి. రెండో రోజు పావుగంట. ఓమన సంతోషానికి అంతు లేదు. మూడో రోజు పడవలో అడుగు పెట్టిందో లేదో నీళ్ళు ఒక్క ఊపున గడ్డానికి వచ్చాయి. కెవ్వుమని ఒడ్డెక్కి, ఇంటికి పరుగెత్తి, తలుపేసుకుంది. రెండు రోజులు బయటికి రాలేదు. ఇంటి నిండా మోకాలి లోతు.

గురువారం షెరీఫా కాగితం ముందు పెట్టుకుని ఆలోచించింది. తలెత్తి పుష్కరన్ మొహం చూసింది. "చేట్టా, మీరు తోడారు."

పుష్కరన్ నేల చూపులు చూశాడు. "డబ్బా ఒకటి తీసుకెళ్ళాను. వెనక కూర్చుని, ఆమెకి తెలీకుండా... కొంచెం కొంచెం."

ఓమన మండిపడింది. "ఇంత కష్టపడి నేనే దింపాననుకున్నానే! నన్ను వెర్రిదాన్ని చేశావు గదా!"

"నాకు మాత్రం భయం కాదా?" అన్నాడు పుష్కరన్. "నీ మెడ దాకా నీళ్ళు కనిపిస్తుంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటే ఎలాగే? నా చేతులు ఊరుకోవు. కట్ట తెగిన రాత్రుళ్ళు కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు."

అప్పుడు కనిపించింది ఓమనకి. అతను నిలబడ్డ చోట గచ్చు మీద సన్నటి తడి. ఎన్నేళ్ళ నుంచి ఉందో. ఇంట్లో ఎప్పుడూ నీళ్ళే కాబట్టి ఏవి ఎవరివో ఎవరూ చూడలేదు. ఆమె కోపమంతా ఎటో పోయింది. అతని చెయ్యి పట్టుకుంది.

"ఆఖరి మెట్టుకి మీరు వెళ్ళకండి చేట్టా" అంది షెరీఫా మెల్లిగా. "మీ చేతులే ఒక మోటారు."

మళ్ళీ మూడో మెట్టు నుంచి మొదలుపెట్టారు. మే అంతా దానికే సరిపోయింది. ఆరో మెట్టు ముప్పయ్యో తారీకున ముగిసింది. ఏడోదానికి రోజులు మిగల్లేదు. సరస్సు దాటడమూ, మాళు బడికి వెళ్ళడమూ ఒకే పొద్దున పడ్డాయి.

జూన్ ఒకటిన అలవాటు ప్రకారం వాన పడుతోంది. కొత్త గొడుగులు, కొత్త సంచులు, పిల్లలతో రేవు నిండిపోయింది. మాళు నీలం పావడా, తెల్ల చొక్కా వేసుకుని తల్లి కొంగు పట్టుకుంది. ఒడ్డునే ఉండిపోయిన పుష్కరన్ తన చేతుల్ని తన చంకల్లో బిగించి పెట్టుకున్నాడు. బోటు నడిపే తంకచ్చన్ ఓమనని చూసి హారన్ కొట్టబోయి ఆగాడు.

"కొట్టండి" అంది ఓమన. "కొట్టకపోతే ఎలా?"

బోటు కదిలింది. రేవు వెనక్కి పోవడం, పుష్కరన్ చిన్నవాడైపోవడం చూస్తుండగానే మోకాళ్ళు మునిగాయి. ఇద్దరూ కూర్చున్న బల్ల చుట్టూ నీళ్ళు గోడ కట్టినట్టు నిలబడ్డాయి. ముందు వరసవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. వెనకావిడ కూరగాయల బుట్ట ఒళ్ళోకి తీసుకుంది. టిక్కెట్టతను చెయ్యి చాచి, తడవకుండా ఓమన జాకెట్టు భుజం మీద టిక్కెట్లు పెట్టి వెళ్ళాడు.

నడి సరస్సు వచ్చేసింది. ఎటు చూసినా ఒడ్డు లేదు, వాన తెర తప్ప. ఇంజను చప్పుడులో చిన్న తేడా వచ్చినట్టనిపించింది. వచ్చిందో లేదో. ఓమన పైప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళు ఒక్కసారి రొమ్ము దాటాయి. పక్కన మాళు గడ్డం మునిగింది.

ఆమె అన్నీ ఊహించుకుంది గానీ ఇది ఊహించుకోలేదు. ఆమెకి రొమ్ము దాకా అంటే పిల్లకి తల దాకా. తన భయంలో తన బిడ్డ మునిగిపోతుంది! తను లేచి నిలబడి, మాళుని రెండు చంకల కింద పట్టి ఎత్తి బల్ల మీద నిలబెట్టింది.

"పిల్లని ఇటివ్వు!" సంతకని బోటెక్కిన పక్కింటి అన్నమ్మ నాలుగు వరసల అవతల్నుంచి చేతులు చాచింది. "ఇటు రా మోళే, నా చిట్టి తల్లీ, ఇక్కడ పొడిగా ఉంది!"

మాళు తల అడ్డంగా ఊపింది. "నేనొస్తే నావి కూడా వస్తాయి చేచీ."

తంకచ్చన్ ఇంజను తగ్గించి వెనక్కి తిరిగాడు. "చేచీ, తిప్పేయనా? పది నిమిషాల్లో మీ రేవులో దించుతాను. ఎవరూ ఏమీ అనుకోరు."

ఎవరూ ఏమీ అనుకోరన్నది నిజమే. ఇల్లు, తలుపు, గొట్టాలు సర్దుకుని కూర్చున్న మొగుడు, ఆ హాయి, అన్నీ ఆమె కళ్ళ ముందు మెదిలాయి. తిప్పమని అనబోయింది. మాట నాలుక మీదికొచ్చింది.

"అమ్మా, నీకు భయమేస్తోందా?" అంది మాళు.

రెండేళ్ళలో పిల్ల వెయ్యిసార్లు అడిగిన మాట అది. వెయ్యిసార్లూ ఓమన 'లేదమ్మా' అని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చెప్పింది. గోనెపట్టా గుర్తొచ్చింది.

"వేస్తోంది" అంది. "చచ్చిపోయేంత భయమేస్తోంది."

"నాకూ."

"తెలుసు. నీ నీళ్ళు చూశాను నేను."

మాళుకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఇంకా లేస్తాయా?"

"లేస్తాయి."

"లేచి?"

"లేచి, ఆగుతాయి. మనం ఇక్కడే ఉంటే దిగుతాయి. ఎప్పుడో నాకు తెలీదు." తల పైకెత్తి తంకచ్చన్‌తో, "పోనివ్వండి" అంది.

నీళ్ళు మెడకొచ్చాయి. గడ్డానికొచ్చాయి. ఓమన మునివేళ్ళ మీద లేచింది. కింది పెదవి మునిగింది. ఉప్పగా ఉన్నాయి. ఇంకొక్క వేలెడు లేస్తే ముక్కు. ఆ వేలెడే మిగిలింది లోకంలో. ప్రమాణం చెయ్యలేనన్న షెరీఫా మాట గుర్తొచ్చింది. మాళు కాళ్ళని గట్టిగా కావలించుకుంది, పిల్ల కోసమో తన కోసమో ఆమెకే తెలీదు. నోరు తెరవడానికి లేదు కాబట్టి ముక్కుతో గాలి పీలుస్తూ నిలబడింది.

ఎంతసేపో అయింది.

"అమ్మా" అంది మాళు పైనుంచి. "నీ పెదవి కనిపిస్తోంది."

ఓమన కదల్లేదు.

"గడ్డం. అమ్మా, గడ్డం వచ్చింది!" కాసేపాగి, "గొలుసు!" ఇంకాసేపటికి, "భుజాలు!"

వెనక వరసల్లో పిల్లలు కూడా పిల్లతో కలిశారు. "మోచేతులు!" "నడుము!" అని అరుస్తుంటే, వాన తెరలోంచి వేలిక్కడవు రేవు బయటపడింది. ఏడుపూ నవ్వూ కాని చప్పుడొకటి ఓమన గొంతులోంచి వచ్చింది. బోటు రేవుకి తగిలేసరికి పాదాలు తడిసేంతే మిగిలాయి.

బడి రేవుకి ఎదురుగానే ఉంది. బోటు వెంటనే తిరిగి వెళ్ళిపోతుంది, ఓమన అందులోనే వెళ్ళాలి. షెరీఫా కాగితం మీద రావడం ఉంది గానీ ఒంటరిగా తిరిగి వెళ్ళడం లేదు. ఎవరికీ తట్టలేదు. మాళు కొంగు వదలడానికి కొంచెం సేపు తీసుకుంది, వదిలింది, మిగతా పిల్లలతో నడిచింది. తాళ్ళు విప్పారు. బోటు కదిలింది.

పిల్లలందరూ గేటు దాటి లోపలికి పోయారు. మాళు ఒక్కతే గేటు ముందు ఆగిపోయింది. బోటు కడ్డీ పట్టుకుని చూస్తున్న ఓమనకి స్పష్టంగా కనిపించింది. పిల్ల పాదాల చుట్టూ నీళ్ళు లేస్తున్నాయి. పళ్ళెమంత కాదిప్పుడు. మోకాళ్ళు దాటాయి. నీలం పావడా అంచు పైకి తేలింది. నడుము.

"అయ్యో! నా పిల్ల!" ఓమన కడ్డీ మీదికి వాలిపోయింది. అక్కడ ఎవరూ లేరు, పైకెత్తి నిలబెట్టడానికి బల్ల లేదు. ఆమె చుట్టూ కూడా నీళ్ళు జివ్వున లేచాయి.

తంకచ్చన్ చూశాడు. "వెనక్కి పెట్టనా చేచీ? ఇంకా రేవు దగ్గర్లోనే ఉన్నాం."

పెట్టమంటే పెడతాడు. దూకి, పరుగెత్తి, పిల్లని ఎత్తుకుని ఇంటికి తెచ్చేసుకోవచ్చు. ఎంత హాయి! రేపు కూడా తెచ్చేసుకోవచ్చు. తన చేతులు కడ్డీ మీద ఎలా వణుకుతున్నాయో చూసుకుంది. అచ్చం స్విచ్ మీద పుష్కరన్ చెయ్యిలా ఉన్నాయి.

"వద్దు" అంది. ఆ ఒక్క మాటకి ప్రాణమంతా పట్టింది. "నిలబడనివ్వండి దాన్ని."

మాళు పరుగెత్తలేదు. అరవలేదు. సంచీ పట్టీలు రెండు చేతులా పట్టుకుని, తల వంచి నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది. బడి గంట మోగింది. అయినా కదల్లేదు. దూరం పెరుగుతోంది, పిల్ల చిన్నదైపోతోంది, నీళ్ళు ఎంతవరకున్నాయో ఓమనకి ఆనడం లేదు. కళ్ళు చికిలించి చూసింది. పావడా అంచు కిందికి వేలాడుతోంది. అవును, వేలాడుతోంది. మాళు వంగి, ఆ అంచుని పిడికిట్లో పట్టి నీళ్ళు పిండింది, చేతులు చొక్కాకి తుడుచుకుంది, గేటు లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు గానీ ఓమన తనని తాను చూసుకోలేదు. నీళ్ళు రొమ్ము దాకా ఉన్నాయి. చుట్టూ సరస్సు. పక్కన ఎవరూ లేరు. ఆమె నీళ్ళలోనే తడుముకుంటూ బల్ల వెతుక్కుని కూర్చుంది. టిక్కెట్టతను దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సాయంత్రం బడి వదిలే వేళకి బోటు ఎన్నింటికి?" అని అడిగింది.